నోట్సులో 120 కమాండ్లు ఉన్నాయి, కీబోర్డు ముందు చెయ్యి ఆడదు

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. మాది పర్లాకిమిడి. ఇక్కడ ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో సాయంత్రం పూట లినక్స్ అడ్మినిస్ట్రేషన్ (మిషన్ల బాగోగులు చూసే పని), షెల్ స్క్రిప్టింగ్ (కమాండ్లు వరుసగా రాసి నడిపించడం) చెబుతున్నాను. 14 మంది పిల్లలు. సగానికి పైగా తెలుగువాళ్లు, మిగిలినవాళ్లు ఒడియా, ఇద్దరు కొండ ఊళ్ల నుంచి వచ్చే సవర పిల్లలు. పాత మిషన్లు తొమ్మిది ఉన్నాయి. ఒకదాంట్లో 8 జీబీ ర్యామ్, మిగతావాటిలో రెండో నాలుగో. నెట్ వచ్చిననాడు వచ్చినట్టు, కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. మూడు నెలల కోర్సులో నెలన్నర అయిపోయింది. నోట్సులో 120 కమాండ్లు రాయించాను, టెస్టు పెడితే అందరికీ మంచి మార్కులే వచ్చాయి. మొన్న సెంటర్ మిషన్లో డిస్క్ నిండిపోతే, టెస్టులో ఫస్ట్ వచ్చిన కుర్రాడిని చూడమన్నాను. పావుగంట స్క్రీను వంక చూస్తూ కూర్చున్నాడు. కీబోర్డు ముట్టుకోలేదు. అడిగితే "పాడైపోతే తిడతారు మేడమ్" అన్నాడు. తప్పెక్కడ జరిగింది? మిగిలిన నెలన్నరలో ప్రాక్టికల్‌గా ఎలా చెప్పాలి? ఇంగ్లీషు రాదన్న భయం ఎలా పోగొట్టాలి?

— ఒక టీచర్, పర్లాకిమిడి

సమాధానం:

అమ్మా,

మీ కుర్రాడి మాటలోనే సగం జవాబు ఉంది. డిస్క్ ఎంత నిండిందో చూడాలంటే డీఎఫ్ కొట్టాలని వాడికి తెలుసు, టెస్టులో రాశాడు కూడా. డీఎఫ్ కొడితే ఏమీ పాడవదని మాత్రం వాడికి ఎవరూ చెప్పలేదు. (కమాండ్ల పేర్లు మనం క్లాసులో పలికే తీరునే రాస్తున్నాను, స్పెల్లింగులు మీకు తెలిసినవే.) సోమవారం క్లాసుకి రెండు రంగుల పెన్నులు తెమ్మనండి. ఆ 120లో చూసేవాటికి ఆకుపచ్చ గీత, మార్చేవాటికి ఎర్ర గీత గీయమనండి. ఆకుపచ్చవి ఎన్ని తేలతాయో చూసి వాళ్లే ఆశ్చర్యపోతారు. ఎవరో ఒకరు లేచి, "మేడమ్, ఎల్‌ఎస్ ఆకుపచ్చే కానీ పక్కన > గుర్తు పెట్టి ఫైలు పేరు రాస్తే పాత ఫైలు తుడిచిపెట్టుకుపోతుంది కదా, అప్పుడు ఏ రంగు?" అంటారు. ఆ గొడవ పడనివ్వండి. నోట్సుతో పని అక్కడితో అయిపోయింది, మూయించేయండి.

ఇక అసలు మాట. బాగున్న మిషన్ మీద అడ్మినిస్ట్రేషన్ నేర్పలేం. అన్నీ సరిగ్గా నడుస్తున్నప్పుడు అడ్మిన్‌కి పనేముంది? చెడిపోయిన మిషన్ చేతికివ్వాలి. రోజుకో రకంగా మీరే చెడగొట్టి ఇవ్వాలి. పిల్లవాడు దాన్ని ఇంకా చెడగొట్టినా మీకు నష్టం రాకుండా ముందే చూసుకోవాలి. మీరు పాఠానికి పెట్టే టైములో ముప్పావు వంతు ఈ ఏర్పాట్లకే పోతుంది. పోనివ్వండి.

మీ తొమ్మిది మిషన్లనూ ఇలా పంచుకోండి. 8 జీబీ ఉన్నది సర్వర్. దాని మీద డెస్క్‌టాప్ లేకుండా డెబియన్ లినక్స్ వేసి, ఏడు ఎల్‌ఎక్స్‌సీ కంటైనర్లు (ఒకే మిషన్ లోపల విడివిడిగా నడిచే బుల్లి లినక్స్‌లు) పెట్టండి. 14 మందిని ఏడు జతలు చేసి, జతకో కంటైనర్, దాని లోపల వాళ్లకే రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) పాస్‌వర్డ్. ఏడు మిషన్ల నుంచి, దూరాన ఉన్న మిషన్‌లోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్‌తో అందులోకి వెళ్తారు. అంత పనికి 2 జీబీ ధారాళంగా సరిపోతుంది. కంటైనర్ల సరంజామా అంతా నెట్ బాగున్న రాత్రి ఒక్కసారి దించుకుంటే చాలు. శుభ్రమైన కంటైనర్ ఒకటి పక్కన నకలు తీసి ఉంచుకోండి. ఏ జత తమది నాశనం చేసుకున్నా రెండు నిమిషాల్లో మళ్లీ కొత్తది ఇస్తారు. మిగిలిన తొమ్మిదో మిషన్ బలిమేక. మిషన్‌ని లేపే బూట్ లోడర్ (గ్రబ్) పాడుచేయడం, డిస్క్‌లు ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్ ట్యాబ్‌లో తప్పు వరుస రాసి బూట్ అవకుండా చేయడం, రూట్ పాస్‌వర్డ్ పోగొట్టుకుని గ్రబ్ దగ్గర నుంచి మళ్లీ సంపాదించడం అన్నీ దాని మీదే.

జతలో ఒకరు టైపు చేయాలి, రెండోవారు స్క్రీను మీద వచ్చింది పైకి చదవాలి. పావుగంటకోసారి మారాలి. ఒడియా పిల్లని తెలుగు పిల్లతో కలిపి వేయండి. ఒకరికొకరు చెప్పుకోవడానికి ఏ భాష కుదిరితే అది మాట్లాడుకుంటారు, మీరు మధ్యలో వెళ్లకండి.

మీ డిస్క్ కథనే మొదటి పాఠం చేయండి. నేను చేయించే తీరు చెబుతాను. ముందు రోజు సాయంత్రం సర్వర్ మీద జతకొకటి చొప్పున 200 ఎంబీ ఫైళ్లు సృష్టించి, వాటిని ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి, లూప్ మౌంట్ చేసి (అంటే ఫైలునే డిస్క్‌లా తగిలించి), ప్రతి జతకీ ఒక చిన్న 'డిస్క్' తయారు చేసి వాళ్ల కంటైనర్‌కి తగిలిస్తాను. అందులోకి ఒక లాగ్ ఫైలు రాసి నింపేసి, ఆ ఫైలు తెరిచి పట్టుకునే నిద్రపోయే స్క్రిప్టు ఒకటి ఆ కంటైనర్లో, ఆ జత యూజర్ పేరు మీద నడిపిస్తాను. తర్వాత ఆ లాగ్ ఫైలుని ఆర్‌ఎంతో తీసేస్తాను. పిల్లలు వచ్చేసరికి పరిస్థితి ఇది: డీఎఫ్ కొడితే డిస్క్ నూటికి నూరు నిండింది అంటుంది, ఫైళ్ల సైజులు కూడే డీయూ కొడితే లోపల దాదాపు ఏమీ లేదంటుంది, ఎల్‌ఎస్‌కి 'లాస్ట్ ప్లస్ ఫౌండ్' అనే ఖాళీ ఫోల్డర్ తప్ప ఏమీ కనపడదు.

ఇక్కడ నోరు కట్టుకోవడం మీకు కష్టం. అయినా 20 నిమిషాలు ఏమీ చెప్పకండి. ఒక జత మిషన్ తప్పు చెబుతోందంటుంది. ఇంకో జత దాచిపెట్టిన ఫైళ్ల కోసం ఎల్‌ఎస్‌కి మైనస్ ఏ తగిలిస్తుంది. మంచి ఊహే, మెచ్చుకోండి. చివరికి ఎవరూ కదలనప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: "ఆర్‌ఎం ఏం తీసేస్తుంది?" ఫైలుని అంటారు. కాదు, పేరుని. రేషన్ కార్డులో పేరు కొట్టేసినంత మాత్రాన మనిషి ఇంట్లోంచి వెళ్లిపోడు కదా, రోజూ తింటూనే ఉంటాడు. డీయూ కార్డు చూసి లెక్క వేస్తోంది, డీఎఫ్ కుండలో మిగిలిన అన్నం చూసి చెబుతోంది. ఫైలుకి పేరు పోయినా, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) వదిలేదాకా ఆ చోటు ఖాళీ అవదు. అప్పుడు ఎల్‌ఎస్‌ఓఎఫ్ (ఎవరు ఏ ఫైలు తెరిచి పట్టుకున్నారో చూపే కమాండ్) పరిచయం చేయండి. వరుస చివర 'డిలీటెడ్' అన్న మాట కనపడగానే ఎవరో కేక పెడతారు. ప్రాసెస్‌ని ఆపి మళ్లీ డీఎఫ్ కొడితే నూరు కాస్తా సున్నాకి దగ్గరగా పడిపోతుంది. ఈ ఒక్క సాయంత్రంలో ఐనోడ్ (పేరు వెనక ఫైలు వివరాలుండే నమోదు), ప్రాసెస్, ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలుకి ప్రాసెస్ పట్టుకునే పిడి) మూడూ అయిపోతాయి. వీటిని విడివిడిగా బోర్డు మీద రాస్తే మూడు వారాలు పడతాయి, అయినా ఎక్కవు.

మర్నాడు దానికి తమ్ముడిని ఇవ్వండి: డిస్క్‌లో చోటుంది, అయినా కొత్త ఫైలు చేయబోతే చోటు లేదంటుంది. లోపల సున్నా సైజు ఫైళ్లు వేలకు వేలు పోసి ఐనోడ్లు అయిపోయేలా చేశారన్నమాట. డీఎఫ్‌కి మైనస్ ఐ తగిలిస్తే బయటపడుతుంది. నిన్నటి మందు ఇవాళ పనిచేయకపోవడం వాళ్లకి తెలియాలి.

పర్మిషన్ల పాఠంలో 777 జబ్బు ఒకటుంది. ఏది తెరుచుకోకపోయినా సీహెచ్ మోడ్ 777, అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చే కమాండ్, కొట్టేయడం. కొట్టొద్దని చెబితే వినరు, కొట్టనివ్వండి. తమ ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ (పాస్‌వర్డ్ బదులు వాడే రహస్య ఫైలు) మీద కొట్టమనండి. తర్వాత ఆ కీతో లాగిన్ అవబోతే, ఈ ప్రైవేట్ కీని లోకమంతా చదవగలదు, నేను వాడను అని ఎస్‌ఎస్‌హెచ్ మొండికేస్తుంది. తలుపు తెరిచిపెట్టడం వల్లే తలుపు మూసుకుపోయింది! చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 కూడి 600, 644, 755 అని లెక్కలు వేయడం ఆ రోజు నుంచి వాళ్లే నేర్చుకుంటారు. ఫోల్డర్‌కి ఎక్స్ అంటే లోపలికి నడిచే హక్కు అని మాత్రం మీరు విడిగా చేయించి చూపండి, అది దానంతటది తట్టదు.

స్క్రిప్టింగ్ దగ్గర చాలామంది టీచర్లు చేసే పని, 1 నుంచి 10 దాకా అంకెలు ప్రింట్ చేయించడం. అది ఏ భాషలోనైనా చేయొచ్చు, షెల్ ఎందుకు పుట్టిందో దానివల్ల తెలియదు. మీ హాజరు పట్టీతో మొదలుపెట్టండి. రోజుకో ఫైలు, అందులో వచ్చినవాళ్ల రోల్ నంబర్లు. "ఈ వారం ఎవరు ఎన్ని రోజులు వచ్చారు?" ఇదీ ప్రశ్న. ఫైళ్లన్నీ కలిపి, వరుసలో పెట్టే సార్ట్‌కి, దాన్నుంచి, ఒకేలాంటివి లెక్కపెట్టే యూనిక్‌కి మైనస్ సీతో పంపితే ఒక్క వరుసలో జవాబు వస్తుంది. ఒకదాని నోట్లోంచి వచ్చింది ఇంకోదాని చెవిలో వేసే ఈ పైపు 1973లో, లినక్స్‌కి ముందుతరమైన యూనిక్స్‌లోకి వచ్చింది. డగ్ మెక్‌ఇల్రాయ్ పట్టుబట్టాడు, కెన్ థాంప్సన్ రాసిపెట్టాడు. యాభై ఏళ్లు దాటినా దాన్ని మించింది రాలేదని నా అభిప్రాయం.

తర్వాత ఆ ఫైళ్లలో ఒకదానికి 'మార్చి హాజరు' అని మధ్యలో ఖాళీ వదిలి పేరు పెట్టండి. నిన్న నడిచిన ఫర్ లూపు ఇవాళ 'మార్చి' లేదు, 'హాజరు' లేదు అని ఏడుస్తుంది. వేరియబుల్‌కి డబుల్ కోట్స్ ఎందుకు పెట్టాలో పది పేజీల నోట్సు చెప్పలేనిది ఆ ఒక్క ఖాళీ చెబుతుంది.

ఆ పేరు తెలుగులో ఉండటం ఊరికే కాదు. 'తెలుగు' అన్న మాటని చివర కొత్త లైను లేకుండా డబ్ల్యూసీకి పంపి బైట్లు లెక్కపెట్టమనండి. 18 వస్తుంది. క్యారెక్టర్లు అడిగితే 6. మన కంటికి అక్షరాలు 3. ముగ్గురిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఇవి ఆరు, యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడేసి బైట్లు. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు కాబట్టి ఇంగ్లీషులో 255 అక్షరాలు పట్టే చోట మనకి 85 గుర్తులే పడతాయి. కట్ కమాండ్‌తో మొదటి అక్షరం తీయమంటే అది ఒక్క బైటే కోసి చెత్త చూపిస్తుంది. ఒడియా పిల్లలకి ఇంకో చిక్కు ఉంది: ఒడియా అన్న మాటలోనే వచ్చే చుక్క ఉన్న డ రెండు రకాలుగా టైపు అవుతుంది. కంటికి ఒకటే, మాటలు వెతికే గ్రెప్‌కి రెండు వేరు. మీ సరిహద్దు ఊళ్లో ఏ ఆఫీసు డేటా ముట్టుకున్నా ఇది ఎదురవుతుంది. వాళ్లకి అక్కరకొచ్చేది ఇది, ఎక్కడో అచ్చయిన పుస్తకంలోని ఎక్సర్‌సైజు కాదు.

నా చేత్తో నేను చేసిన ఒక ఘనకార్యం చెబుతాను, మీ పిల్లలకి చెప్పండి. చాలా ఏళ్ల కిందట బరంపురంలో ఒక ఆఫీసులో పాత బ్యాకప్‌లు తుడిచే స్క్రిప్టు రాశాను. రెండే వరుసలు. మొదటి వరుస: బ్యాకప్ డిస్క్‌లోని పాత ఫోల్డర్లోకి సీడీ. రెండో వరుస: ఆర్‌ఎం, స్టార్. నెలలపాటు బ్రహ్మాండంగా నడిచింది. ఒక రాత్రి ఎవరో ఆ డిస్క్ కేబుల్ పీకి ఇంకేదానికో పెట్టుకున్నారు. సీడీ ఫెయిలైంది. షెల్ ఆగుతుందా? ఎక్కడున్నదో అక్కడే ఉండి తర్వాతి వరుస నడిపేసింది. పొద్దున్న వెళ్లేసరికి నా హోమ్ ఫోల్డర్ తుడిచిన పలకలా ఉంది. ఆ పూట టిఫిను కూడా గొంతు దిగలేదు. అప్పటి నుంచి సీడీ పక్కన 'కుదరకపోతే బయటికి పో' అని రెండు నిలువు గీతలు, ఎగ్జిట్ 1 లేకుండా స్క్రిప్టు రాయను. దీన్నే మీ బలిమేక మీద చేయించండి. జీఎన్‌యూ ఆర్‌ఎం ఒట్టి స్లాష్ (మిషన్లో ఫోల్డర్లన్నిటికీ మొదలు) మీద నడవమంటే ఒప్పుకోదు కానీ స్లాష్ పక్కన స్టార్ పెడితే నోరెత్తకుండా అంతా తుడిచేస్తుందని కూడా కళ్లారా చూడనివ్వండి. విలువే పెట్టని వేరియబుల్‌తో అదే జరుగుతుందని చెప్పి, అలాంటిది కనపడగానే స్క్రిప్టుని ఆపే సెట్ మైనస్ యూ ఏమిటో అప్పుడు చూపండి.

ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగుస్తూ వదిలే అంకె) సంగతీ ఇక్కడే. ప్రతి కమాండ్ తర్వాత $? అడిగే అలవాటు చేయండి. 0 అయితే పని అయింది, 127 అయితే ఆ కమాండే దొరకలేదు, 126 అయితే దొరికింది కానీ నడపనివ్వలేదు.

చెప్పిన టైముకి స్క్రిప్టులు నడిపే క్రాన్ దగ్గర అందరూ బోర్లా పడతారు. చేత్తో నడిపితే నడిచిన స్క్రిప్టు క్రాన్‌లో పెడితే నడవదు. కారణం మీరు చెప్పకండి. క్రాన్ చేత, అక్కడి సెట్టింగులు చూపే ఎన్వ్ కమాండ్ నడిపించి ఒక ఫైల్లోకి, తమ టెర్మినల్లో అదే నడిపి ఇంకో ఫైల్లోకి పంపమనండి. రెండింటికీ డిఫ్ కొడితే పాత్ (కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితా) ఎంత పొట్టిగా ఉందో కనపడుతుంది. విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఇంటి దగ్గర రాసుకొచ్చిన స్క్రిప్టుతో ఇంకో తమాషా: ఫైలు కళ్ల ముందే ఉంటే 'ఫైలు దొరకలేదు' అంటుంది. వరుస చివర కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ అంటుకుని, బ్యాష్ అన్న పేరు కాస్తా ఇంకేదో అయిపోతుంది. క్యాట్‌కి మైనస్ పెద్ద ఏ వేసి చూపండి.

కరెంటు గురించి బాధపడ్డారు. సర్వర్‌కి యూపీఎస్ ఉంచుకుని, బలిమేకని కరెంటు దయకి వదిలేయండి. మిషన్ లాగ్ చదివే జర్నల్‌సీటీఎల్‌కి 'లిస్ట్ బూట్స్' అని అడిగితే ప్రతి బూట్‌లో మొదటి నమోదు ఎప్పుడో, చివరిది ఎప్పుడో వస్తాయి. ఒక బూట్ చివరికీ తర్వాతి బూట్ మొదటికీ మధ్య ఉన్నది మిషన్ ఆగి ఉన్న సమయం; మీరు చేత్తో ఆపనంత వరకు అదే సుమారుగా కరెంటు లేని సమయం. దాన్ని చదివి వారంలో ఎన్నిసార్లు పోయింది, ఎంతసేపు పోయింది అని లెక్క కట్టే స్క్రిప్టు రాయమనండి. నేను రాయగడలో ఒక బ్యాచ్ చేత రాయించాను. క్లాసులో ఎవరూ బతిమాలకుండా ఇంటికి తీసుకెళ్లి మరీ పూర్తి చేసిన ఒకే ఒక్క హోంవర్క్ అది.

ఇంగ్లీషు సంగతి. మీది గిడుగు రామమూర్తి గారి ఊరు. బడిలో చెప్పేది పిల్లల నోటి భాషలో ఉండాలని జీవితమంతా కొట్లాడిన మనిషి మీ ఊళ్లోనే పాఠాలు చెప్పాడు. సవర పిల్లలకి చెప్పడానికి ముందు తను సవర నేర్చుకుని, 1931లో ఆ భాష మీద పుస్తకమే అచ్చేశాడు. కాబట్టి మీరు తెలుగులో చెబుతున్నందుకు సిగ్గుపడక్కర్లేదు. మిషన్ మాట్లాడే ఇంగ్లీషు కూడా మహా అయితే డజను వాక్యాలు. పర్మిషన్ డినైడ్, కమాండ్ నాట్ ఫౌండ్, నో స్పేస్ లెఫ్ట్, రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్, అడ్రెస్ ఆల్రెడీ ఇన్ యూజ్, ఇలాంటివి. ప్రతిదాన్నీ వాళ్ల చేతే పుట్టించండి. దాని అర్థం తెలిస్తే చాలదు, అది ఎలా తెప్పించాలో తెలియాలి. కనెక్షన్ రిఫ్యూజ్డ్‌కీ టైమ్‌డ్ అవుట్‌కీ తేడా చూడండి. తలుపు కొడితే లోపల నుంచి "ఆ పేరు గలవాళ్లు ఇక్కడ లేరు" అని జవాబు రావడం మొదటిది: మిషన్ ఉంది, ఆ పోర్టులో సర్వీసు లేదు. ఎంత కొట్టినా ఎవరూ పలక్కపోవడం రెండోది: మిషన్ లేదు, లేదా ఫైర్‌వాల్ మింగేస్తోంది. ఈ రెండు ఇంగ్లీషు మాటలు ఇలా తెలిసినవాడు ఉద్యోగంలో గంటలు ఆదా చేస్తాడు. నెట్ వచ్చిన రోజు ఐఐటీ బాంబేలో మొదలైన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు దించి పెట్టుకోండి, లినక్స్ మీద, బ్యాష్ మీద ఉన్నాయి.

పరీక్ష మాత్రం కాగితం మీద వద్దు. లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలోనే నాలుగింట్లో ఒకటి టిక్కు పెట్టే ప్రశ్నలు ఉండవు; మిషన్ ఇచ్చి పని చేసి చూపమంటారు. మీరూ అంతే చేయండి. ఫిర్యాదు కస్టమర్ మాటల్లో ఉండాలి: "నిన్నటి నుంచి మా పేజీ రావట్లేదు, అర్జెంటు." అంతకుమించి ఒక్క ముక్క చెప్పకండి. 45 నిమిషాలు, మ్యాన్ పేజీలు (మిషన్లోనే ఉండే కమాండ్ల వివరణ) ఎన్నయినా చూసుకోవచ్చు. మార్కులు బాగుచేసినందుకు కొన్నే. ఎక్కువ మార్కులు వాళ్లు పక్కన రాసే పుస్తకానికి: ఏం కనపడింది, ఏం అనుకున్నాను, ఏం చేశాను, ఏం మారింది. బాగుచేయలేకపోయినా ఈ నాలుగూ నిజాయితీగా రాసిన పిల్ల, అదృష్టం కొద్దీ రీస్టార్ట్ చేసి బయటపడ్డ పిల్లాడి కంటే ఎక్కువ తెచ్చుకోవాలి. మొదట్లో గొడవ చేస్తారు, లొంగకండి.

ఇక క్రమం. మొదటి రెండు వారాలు డిస్క్, పర్మిషన్లు, ప్రాసెస్‌లు. తర్వాత రెండు వారాలు స్క్రిప్టులు, క్రాన్. మిగిలింది సర్వీసులు, నెట్‌వర్క్, ఫిర్యాదులు. కొంచెం అటూ ఇటూ అయినా ఏమీ కాదు. యూజర్లని సృష్టించడం లాంటివి పనిలో పనిగా వచ్చేస్తాయి, వాటికి వేరే క్లాసు దండగ.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ చెప్పాలి. సోమవారం క్లాసు మొదలుపెట్టే ముందు తొమ్మిది మిషన్లలోనూ తేదీ చూడండి. పాతవి కదా, ఒకటి రెండింటిలో బోర్డు మీద బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. నెట్ లేనిచోట ఆ గడియారం దానంతటది దిద్దుకోదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏదో పాత తేదీలోకి పోతుంది, క్రాన్ తప్పు టైముకి నడుస్తుంది, కరెంటు లెక్క స్క్రిప్టు మైనస్ గంటలు చూపిస్తుంది, ప్రోగ్రాములు దించే ఏపీటీ ఏవేవో సాకులు చెబుతుంది. సీఆర్ 2032 అని అడిగితే వాచీ రిపేరు షాపులో కూడా ఇస్తారు. ఒక మిషన్‌కి మాత్రం మార్చకుండా అలాగే వదిలేసి, ఎవరు ముందు కనిపెడతారో చూడండి.